చదరంగపు గడుల సంఖ్య

చదరంగం బల్ల మీది మొదటి గడిలో ఒక గింజను, రెండో గడిలో రెండు గింజలను, మూడో గడిలో నాలుగింటిని ఉంచి, ఇదే విధంగా ప్రతి గడిలోనూ దాని ముందు గడికి రెట్టింపు వేస్తూ 64 గడులనూ నింపితే మొత్తం ఎన్ని గింజలు కావాలనే ప్రశ్నకు సమాధానం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల ఈ సంఖ్యను తెలుగులో చదవాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు అని మొదలుపెట్టి, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు అని కొనసాగించి, తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేనుతో ముగించాలి. ఇంతకన్నా పెద్ద సంఖ్యను కాగితం మీద ఎవరైనా రాయగలరు. కేవలం పెద్దదనం ఏ సంఖ్యకూ గౌరవం తెచ్చిపెట్టదు. అరబ్బు పండితులూ, తెలుగు కవీ, ఐరోపా గణితవేత్తలూ, ఈనాటి కంప్యూటర్ ఇంజనీర్లూ వెయ్యేళ్లుగా దీనిని మళ్లీ మళ్లీ తలచుకోవడానికి కారణం దాని నిర్మాణంలో ఉంది. రెట్టింపు అనే ఒకే ఒక్క క్రియ నుంచి పుట్టినందువల్ల ఈ సంఖ్య తన లోపలి భాగాలను దాచుకోదు. ఆ భాగాల్లో ఒక్కొక్కటి గణితంలోని ఒక్కొక్క పెద్ద అధ్యాయానికి తలుపు తెరుస్తుంది.

మొత్తాన్ని కనుక్కోవడానికి 64 సంఖ్యలను వరుసగా కూడే శ్రమ అక్కరలేదు. బల్ల పక్కన ఒక గింజ అదనంగా ఉందని ఊహిస్తే, ఆ గింజా మొదటి గడిలోని గింజా కలిసి రెండవుతాయి. ఆ రెండూ రెండో గడిలోని రెండింటితో కలిసి నాలుగవుతాయి. ఆ నాలుగూ మూడో గడిలోని నాలుగింటితో కలిసి ఎనిమిదవుతాయి. ఈ కలయిక ఎక్కడా తెగకుండా చివరి గడి దాకా సాగి, అదనపు గింజతో సహా మొత్తం 64వ గడిలోని గింజలకు సరిగ్గా రెట్టింపు అవుతుంది. ఒకటితో మొదలుపెట్టి 64 సార్లు రెట్టిస్తే వచ్చే ఈ ఫలితాన్ని గణితంలో 2⁶⁴ అని రాస్తారు. పైన చిన్నగా వేసిన అంకెను ఘాతాంకం అంటారు. అదనంగా ఊహించిన గింజను తీసివేస్తే మిగిలేది 2⁶⁴ − 1. ప్రతి పదమూ దాని ముందు పదానికి ఒకే నిష్పత్తిలో మారే వరుసను గుణశ్రేఢి అంటారు. బడిలో బట్టీ పట్టించే గుణశ్రేఢి మొత్తం సూత్రానికి, నిష్పత్తి రెండైనప్పుడు, అసలు మర్మం ఈ ఒక్క గింజే. ఏ గడిలోని గింజలైనా దానికి ముందున్న గడులన్నిటి మొత్తం కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువగా ఉంటాయన్న సంగతి కూడా ఇక్కడి నుంచే తేలుతుంది.

పరిమాణం విషయంలో మనసును మోసగించేది బల్ల మొదటి సగం. పది సార్లు రెట్టిస్తే ఏ రాశి అయినా 1,024 రెట్లవుతుందని తెలిసినవారు కూడా తొలి గడులను చూసి నిశ్చింతగా ఉంటారు. 32 గడులు నిండేసరికి పడే గింజలు 4,29,49,67,295 మాత్రమే. గోధుమలను గ్రాముకు పాతిక గింజల చొప్పున లెక్కిస్తే వీటి బరువు సుమారు 172 టన్నులు. 33వ గడి ఒక్కటే అంత సరుకునూ, పైన ఇంకో గింజనూ అడుగుతుంది. బల్ల పూర్తయ్యేనాటికి బరువు సుమారు 73,800 కోట్ల టన్నులకు చేరుతుంది. ఇప్పుడు ప్రపంచమంతటా ఏటా పండే గోధుమ దాదాపు 80 కోట్ల టన్నులు గనుక, ఈ దిగుబడితో బాకీ తీరడానికి తొమ్మిది వందల ఏళ్లకు పైగా పడుతుంది.

ఈ లెక్కతో ముడిపడిన కథ లోకప్రసిద్ధం. 13వ శతాబ్దపు జీవితచరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ చెప్పిన ప్రకారం సిస్సా ఇబ్న్ దాహిర్ అనే మేధావి చదరంగాన్ని కల్పించి భారతదేశపు రాజైన షిహ్రామ్‌కు సమర్పించి, బహుమానంగా రెట్టింపు లెక్కన గోధుమ గింజలు కోరాడు. ఆ రాజూ ఆ మేధావీ నిజంగా ఉన్నారనడానికి ఆధారం లేదు. చదరంగం మాత్రం భారతదేశంలో పుట్టి పర్షియా మీదుగా అరబ్బుల చేతికి వెళ్లిందన్న అభిప్రాయాన్ని చరిత్రకారుల్లో అత్యధికులు అంగీకరిస్తారు. కథ సంగతి ఎలా ఉన్నా లెక్క మాత్రం కల్పన కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ పూర్వ జాతుల కాలగణనను వివరిస్తూ రాసిన గ్రంథంలో ఈ సంఖ్యను చివరి అంకె దాకా తప్పు లేకుండా ఇచ్చాడు. ఆయన చూపిన మార్గం వర్గం చేయడం, అంటే ఒక సంఖ్యను దానితోనే గుణించడం: 2ను వర్గం చేస్తే 4, దానిని వర్గం చేస్తే 16, ఆపైన 256, 65,536, 4,29,49,67,296, ఆరోసారికి 2⁶⁴. అరవై నాలుగు రెట్టింపుల పని ఆరు గుణకారాలతో ముగిసిపోతుంది.

తెలుగు పాఠకుడు గర్వించదగిన సంగతి ఒకటి ఈ చరిత్రలో ఉంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో జీవించిన జైన గణితవేత్త మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహం’ ఆధారంగా తెలుగులో గణిత గ్రంథం రచించిన పావులూరి మల్లన పేరిట ఒక చంపకమాల ప్రసిద్ధంగా ఉంది. చదరంగపు గడుల రెట్టింపు మొత్తాన్ని అది ఇరవై అంకెలతోనూ తప్పు లేకుండా చెబుతుంది. అంకెలను పద్యంలో పొదగడానికి అది వాడుకున్నది భూతసంఖ్యా పద్ధతి. ఈ పద్ధతిలో ప్రతి అంకెకూ లోకంలో అన్ని ఉన్నాయని చెప్పుకొనే వస్తువుల పేర్లు గుర్తులుగా ఉంటాయి: ఆకాశమంటే సున్న, చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదాలన్నా సముద్రాలన్నా నాలుగు, మన్మథుని బాణాలంటే ఐదు, కొండలంటే ఏడు, ఏనుగులంటే దిగ్గజాలు గనుక ఎనిమిది, శరీరంలోని రంధ్రాలంటే తొమ్మిది. అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు చదవడం ఆచారం కాబట్టి ఆ పద్యం ఐదుతో మొదలై, అన్నిటికన్నా పెద్ద స్థానంలోని ఒకటితో ముగుస్తుంది. ఒకే అంకెకు ఎన్నో పర్యాయపదాలు ఉండడంతో ఛందస్సుకు సరిపడే మాటను కవి ఎంచుకోగలుగుతాడు. తాటాకు మీద అంకెలను ఎత్తి రాసేటప్పుడు ఒక గీత అటూ ఇటూ అయితే సంఖ్య మారిపోతుంది, ఆ తప్పును పట్టిచ్చేది ఏదీ ఉండదు. పద్యంలోనైతే మాట చెడితే అర్థమో గణమో చెడి చదివేవారిని హెచ్చరిస్తుంది. ఇరవై అంకెల సంఖ్యను తరాల తరబడి చెడకుండా నిలపడానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఆ కాలంలో మరొకటి ఉండేదని అనుకోవడం కష్టం.

పద్యానికీ ఈ సంఖ్యకూ ఉన్న బంధుత్వం అంతటితో ఆగదు. ఛందశ్శాస్త్రానికి మూలపురుషుడైన పింగళుడు, ఇన్ని అక్షరాల పాదంలో లఘువులను, గురువులను ఎన్ని రకాలుగా అమర్చవచ్చు అనే ప్రశ్న వేసుకున్నాడు. ప్రతి అక్షరానికీ లఘువో గురువో అనే రెండే అవకాశాలు ఉంటాయి గనుక ఒక అక్షరం పెరిగినప్పుడల్లా అమరికల సంఖ్య రెట్టింపవుతుంది. అందుచేత రెండక్షరాల పాదానికి 4, మూడక్షరాలకు 8 వస్తాయి, ఈ ఎనిమిదే య, మ, త, ర, జ, భ, న, స గణాలు. అక్షరాల సంఖ్య సరి అయితే సగం చేయమనీ, బేసి అయితే ఒకటి తీసివేయమనీ, తిరుగు దారిలో సగం చేసిన చోట వర్గం చేసి, ఒకటి తీసిన చోట రెట్టించమనీ పింగళుడు చెప్పిన సూత్రం, అల్ బిరూనీ వర్గాల మార్గానికి ఎన్నో శతాబ్దాలకు ముందటిది. 64 అక్షరాల పాదం ఉన్నదనుకుంటే దానికి ఆ సూత్రం ఇచ్చే అమరికలు 2⁶⁴.

ఈ అమరికలన్నిటినీ ఒక క్రమంలో పేర్చి చూపే పట్టికకు ప్రస్తారమని పేరు. అందులో మొదటి వరుస అన్నీ గురువులు, చివరి వరుస అన్నీ లఘువులు. ఒక వృత్తం ఆ పట్టికలో ఎన్నో వరుసలో ఉందో చెప్పే పద్ధతిని ఉద్దిష్టం అంటారు: పాదంలోని అక్షరాల మీద ఎడమ నుంచి 1, 2, 4, 8 అంటూ రెట్టింపు సంఖ్యలు వేసి, లఘువుల మీద పడ్డ సంఖ్యలను మాత్రమే కూడి, ఒకటి కలపాలి. అక్షరాల మీద వేసేవి చదరంగపు గడుల్లో వేసిన సంఖ్యలే. ఈ పద్ధతిలో లెక్కిస్తే, మల్లన పేరిట ఉన్న పద్యం నడిచిన చంపకమాల, 21 అక్షరాల పాదాలున్న 20,97,152 వృత్తాల్లో 7,11,600వది అవుతుంది. కాగితం, కలం అందుబాటులో ఉన్న పాఠకులు ఇరవై అక్షరాల ఉత్పలమాలను తీసుకుని ఇదే లెక్క చేసి చూడవచ్చు; రావలసిన జవాబు 3,55,799. పద్య లక్షణాలు నేర్పే తెలుగు ఉపాధ్యాయులు, శ్రేఢులు నేర్పే గణిత ఉపాధ్యాయులు ఈ ఒక్క పాఠాన్ని కలిసి చెప్పగలిగితే రెండు శాస్త్రాలకూ మేలు జరుగుతుంది.

ఉద్దిష్టంలోని ఆలోచననే ఈనాటి గణితం ద్విసంఖ్యామానం అంటుంది. కొన్ని గడులను ఎంచుకుని వాటిలోని గింజలను కూడితే ఒక సంఖ్య వస్తుంది. 1 మొదలు 2⁶⁴ − 1 దాకా ప్రతి సంఖ్యా ఇలా వస్తుంది, పైగా ఒక్కొక్కటి ఒకే ఒక్క ఎంపిక వల్ల వస్తుంది. ఎంచుకున్న గడికి 1, వదిలిన గడికి 0 అని రాస్తే ఆ సంఖ్యకు ద్విసంఖ్యామాన రూపం సిద్ధమవుతుంది. అన్ని గడులనూ ఎంచుకున్నప్పుడు వచ్చే చదరంగపు సంఖ్య ఈ లిపిలో వరుసగా 64 ఒకట్లు. ఇప్పటి కంప్యూటర్లలో అత్యధికం అంకెలను 64 బిట్ల పెట్టెల్లో, అంటే సున్న గానీ ఒకటి గానీ పట్టే 64 స్థానాల్లో, భద్రపరుస్తాయి గనుక రుణ సంఖ్యలు అవసరం లేనప్పుడు అలాంటి పెట్టెలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దానికి ఒకటి కలిపితే పెట్టె పొంగి, లెక్క మళ్లీ సున్నకు వస్తుంది. ఇంతకు ముందు వాడుకలో ఉన్న 32 బిట్ల పెట్టెల్లో ఒక బిట్టును ధన, రుణ చిహ్నానికి కేటాయిస్తే మిగిలే 31 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. 2014లో ‘గాంగ్నం స్టైల్’ పాట వీక్షణలు ఈ హద్దును దాటబోతున్నందువల్లే యూట్యూబ్ తన లెక్కింపును 64 బిట్లకు మార్చింది. 1970 మొదటి రోజు నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత కంప్యూటర్ గడియారాలు 2038 జనవరి 19న ఇదే హద్దును ఢీకొంటాయి.

2,14,74,83,647 మరో విధంగానూ ముఖ్యమైనది. చదరంగం బల్ల మీద మొదటి 31 గడుల మొత్తమైన ఈ సంఖ్య ఒక ప్రధాన సంఖ్య, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనిది. 1772లో గణితవేత్త ఆయిలర్ ఈ సంగతిని నిరూపించాడు. ఇలా మొదటి గడి నుంచి మొత్తం కట్టుకుంటూ వెళ్తే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గడుల దగ్గర మాత్రమే ప్రధాన సంఖ్యలు ఎదురవుతాయి. ఆఖరిదైన 61వ గడి దగ్గరి మొత్తం 23,05,84,30,09,21,36,93,951 ప్రధాన సంఖ్య అని 1883లో రష్యాకు చెందిన ఇవాన్ పెర్వూషిన్ అనే క్రైస్తవ పురోహితుడు చేతి లెక్కతో తేల్చాడు. ఇటువంటి ప్రతి మొత్తాన్నీ ఆ చివరి గడిలోని గింజల సంఖ్యతో గుణిస్తే 6, 28, 496 వంటి పరిపూర్ణ సంఖ్యలు వస్తాయని యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు పూర్వమే చూపాడు; తనకన్నా చిన్నవైన తన భాజకాలన్నిటినీ కూడితే మళ్లీ తానే వచ్చేది పరిపూర్ణ సంఖ్య.

64వ గడి దగ్గరి మొత్తం ప్రధాన సంఖ్య కాదు. దాని భాగాలను విప్పే ముందు, హనోయ్ గోపురం అనే ఆటను క్లుప్తంగా ప్రస్తావించడం న్యాయం. ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్డ్ లూకా 1883లో మారుపేరుతో వెలువరించిన ఈ ఆటలో, ఒక కర్రకు పెద్దది కింద, చిన్నది పైన ఉండేలా గుచ్చిన బిళ్లలను ఒక్కొక్కటిగా తీసి, చిన్నదాని మీద పెద్దది ఎప్పుడూ పడకుండా, మూడు కర్రల సాయంతో మరో కర్రకు చేర్చాలి. ఒక్క బిళ్ల పెరిగితే పని రెట్టింపై పైన ఒకటి కలుస్తుంది గనుక 64 బిళ్లలకు పట్టే కనీస కదలికలు 2⁶⁴ − 1. ఆటకు ఆకర్షణ కోసం, కాశీలోని ఒక ఆలయంలో పూజారులు 64 బంగారు బిళ్లలను ఇలాగే కదుపుతున్నారనీ, పని ముగిసిన నాడు ప్రపంచం అంతమవుతుందనీ ఒక కథ అల్లారు. అటువంటి ఆలయం ఎన్నడూ లేదు. సెకనుకు ఒక కదలిక చొప్పున ఆ పనికి సుమారు 58,454 కోట్ల ఏళ్లు పడతాయి. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లని నేటి ఖగోళశాస్త్రం చెబుతుండగా, పురాణాల లెక్కలో బ్రహ్మకు ఒక పగలైన కల్పం 432 కోట్ల ఏళ్లు కాబట్టి, ఆ పనికి పట్టే కాలం 135 కల్పాలకు పైమాట.

ఒక సంఖ్యలోని వింతలను పోగుచేసేటప్పుడు యాదృచ్ఛికమైన వాటినీ, స్వభావం వల్ల వచ్చిన వాటినీ వేరు చేసి చూడడం అవసరం. రెండుతోనే పెరిగి పెద్దదైన ఈ సంఖ్య ఇరవై అంకెల్లో 2 అనే అంకె ఒక్కచోట కూడా లేకపోవడం, మిగిలిన తొమ్మిది అంకెలూ ఉండడం చూడగానే ఆశ్చర్యం కలిగిస్తుంది. కానీ అది పదేసి లెక్కన రాసే అలవాటు వల్ల కనిపించే ముచ్చట. పన్నెండేసి లెక్కన రాస్తే ఆ ముచ్చట మాయమవుతుంది. అంకెల మొత్తం 87 కావడం వల్ల సంఖ్య 3తో భాగింపబడుతుందని తెలుసుకోవడం దీనికన్నా విలువైనది, ఎందుకంటే ఏ లిపిలో రాసినా 3 దాని కారణాంకంగానే ఉంటుంది. సంఖ్య అసలు స్వభావం దాని ప్రధాన కారణాంకాల్లో, అంటే దానిని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్యల్లో, ఉంటుంది.

ఇరవై అంకెల సంఖ్యను కారణాంకాలుగా విడదీయడం సాధారణంగా పెద్ద శ్రమ. ఇక్కడ మాత్రం, రెండు వర్గాల తేడా వాటి మూలాల మొత్తానికీ తేడాకూ లబ్ధమవుతుందన్న బడి సూత్రమే చాలు. 2⁶⁴ అనేది 2³² యొక్క వర్గం గనుక 2⁶⁴ − 1 అంటే 2³² − 1, 2³² + 1ల లబ్ధం. వీటిలో మొదటిదానిని మళ్లీ అదే విధంగా 2¹⁶ − 1, 2¹⁶ + 1లుగా విడదీయవచ్చు. 64ను వరుసగా సగం చేస్తూ పోతే చివరకు ఒకటే మిగులుతుంది కాబట్టి ఈ విభజన చివరిదాకా సాగి, చదరంగపు సంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అనే ఆరు సంఖ్యల లబ్ధంగా తేలుతుంది. ఇవి గణిత చరిత్రలో ఫెర్మా సంఖ్యలుగా పేరొందినవి. వీటిలో ఏ సంఖ్య నుంచైనా 1 తీసివేసి వర్గం చేసి 1 కలిపితే తర్వాతది వస్తుంది. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పియేర్ ద ఫెర్మా మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలేనని చూసి, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయని 1640లో విశ్వాసం ప్రకటించాడు. ఆయన కాలంలో ఆరోదానిని పరీక్షించి కాదనగలిగినవారు లేకపోయారు.

కాదన్నది ఆయిలర్. 1732లో ఆయన 4,29,49,67,297 అనేది 641, 67,00,417ల లబ్ధమని చూపాడు. ఇది అదృష్టం కొద్దీ తగిలింది కాదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే దానిని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని తర్కంతో తెలుస్తుంది. అటువంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. వేల కొద్దీ భాగహారాలు చేయవలసిన చోట ఐదింటితో పని ముగుస్తుంది. 641 సరిగ్గా భాగిస్తుందని భాగహారం చేయకుండానే నిరూపించే అందమైన దారి కూడా ఉంది. 641 అంటే 5 × 128కి 1 కలిపినది. అదే 641 అంటే 5⁴, 2⁴ల మొత్తం, అంటే 625కు 16 కలిపినది కూడా. మొదటి రూపం ప్రకారం 641తో భాగించే లెక్కలో 5 × 2⁷ అనేది −1తో సమానంగా ప్రవర్తిస్తుంది. దాని నాలుగో ఘాతమైన 5⁴ × 2²⁸ అందువల్ల +1తో సమానమవుతుంది. రెండో రూపం ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ పెట్టవచ్చు. పెడితే −2³² అనేది 1తో సమానమని, అంటే 2³² + 1ను 641 శేషం లేకుండా భాగిస్తుందని తేలిపోతుంది. ఒకే సంఖ్య రెండు రూపాలు ధరించడంలోని ఈ పొందిక, ఇరవై అంకెల్లో 2 లేకపోవడం వంటి యాదృచ్ఛిక ముచ్చటల కన్నా ఎంతో లోతైనది.

ఈ విధంగా చదరంగపు సంఖ్యకు 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అనే ఏడు ప్రధాన కారణాంకాలు ఉన్నాయి, ఏదీ రెండుసార్లు రాదు. ఒక్కొక్కదానిని తీసుకోవడం, వదలడం అనే రెండు అవకాశాల వల్ల దాని భాజకాలు మొత్తం 128. పొరుగు సంఖ్యలు కూడా సామాన్యమైనవి కావు. దీనికి ఒకటి కలిపితే రెండు తప్ప మరో ప్రధాన కారణాంకం లేని 2⁶⁴ వస్తుంది. రెండు కలిపితే ఫెర్మా వరుసలోని తర్వాతి సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,617 వస్తుంది. దీనిని ఫ్రాన్సుకు చెందిన ఫార్చూనే లాండ్రీ 1880లో, తన 82వ ఏట, 2,74,177, 6,72,80,42,13,10,721 అనే రెండు కారణాంకాలుగా విడదీశాడు. ముందరి ఫెర్మా సంఖ్యలన్నిటినీ గుణించి రెండు కలిపితే తర్వాతది వచ్చే ఈ సంబంధం వరుస పొడుగునా నిలుస్తుంది. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకైనా ఉమ్మడి కారణాంకం ఉంటే అది 2ను కూడా భాగించాలి, కానీ అవన్నీ బేసి సంఖ్యలు. అందువల్ల వాటికి ఉమ్మడి కారణాంకం ఉండదు. ఒక్కొక్క ఫెర్మా సంఖ్య కనీసం ఒక్కొక్క కొత్త ప్రధాన సంఖ్యను తెస్తుంది కనుక ప్రధాన సంఖ్యలకు అంతం లేదన్న నిరూపణ దీని నుంచే వస్తుంది. 1730లో గోల్డ్‌బాక్ ఈ వాదాన్ని ఆయిలర్‌కు లేఖలో రాశాడు.

ఫెర్మా సంఖ్యలకు జ్యామితితో ఉన్న సంబంధం 1796లో బయటపడింది. కొలతలు లేని బద్ద, వృత్తలేఖిని మాత్రమే వాడి సమాన భుజాలు, సమాన కోణాలు గల క్రమ బహుభుజిని గీయడం గ్రీకుల నాటి సమస్య; త్రిభుజం, పంచభుజి, వాటి నుంచి పుట్టే పదిహేను భుజాల ఆకృతి వారికి సాధ్యమయ్యాయి, ఆ తర్వాత రెండు వేల ఏళ్ల దాకా కొత్తది రాలేదు. ఆ ఏడాది మార్చి 30న, ఇంకా 19 ఏళ్లు నిండని గణితవేత్త గౌస్ 17 భుజాల క్రమ బహుభుజి సాధ్యమని కనుక్కున్నాడు. భుజాల సంఖ్య బేసి అయినప్పుడు అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమైతేనే నిర్మాణం సాధ్యమని తేలింది. గౌస్ సాధ్యాసాధ్యాల హద్దును ప్రకటించగా, హద్దుకు అవతల అసాధ్యమన్న భాగానికి 1837లో వాంట్జెల్ పూర్తి నిరూపణ ఇచ్చాడు. 257 భుజాల నిర్మాణాన్ని 1832లో రిషెలో వివరించాడు; 65,537 భుజాల నిర్మాణానికి యోహాన్ హెర్మెస్ పదేళ్లు వెచ్చించి 1894లో ముగించిన రాతప్రతి జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. తెలిసిన ఐదు ఫెర్మా ప్రధాన సంఖ్యలనూ గుణిస్తే వచ్చేది 4,29,49,67,295, అంటే చదరంగం బల్ల మొదటి సగంలో పడిన గింజల సంఖ్య. దాని 32 భాజకాల్లో ఒకటిని వదిలివేయగా మిగిలిన 31 సంఖ్యలే, ఈ పరికరాలతో గీయగలమని తెలిసిన బేసి భుజాల ఆకృతుల జాబితా.

ఆ జాబితా పింగళుని సంప్రదాయంలోనే మరో చోట కనిపిస్తుంది. పాదంలో ఇన్ని లఘువులు ఉండే వృత్తాలు ఎన్ని అని లెక్కించడానికి 10వ శతాబ్దపు వ్యాఖ్యాత హలాయుధుడు వివరించిన త్రికోణాకార పట్టిక మేరు ప్రస్తారం. ఐరోపాలో ఇది పాస్కల్ త్రిభుజంగా పేరు పొందింది. ఇందులో ప్రతి వరుసా 1తో మొదలై 1తో ముగుస్తుంది, నడుమనున్న ప్రతి సంఖ్యా పై వరుసలో దానికి ఇరువైపులా ఉన్న రెండింటి మొత్తం. బేసి సంఖ్య ఉన్న చోట 1, సరి సంఖ్య ఉన్న చోట 0 రాసి, ఒక్కో వరుసను ద్విసంఖ్యామానంలో చదివితే వరుసగా 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257 వస్తాయి. మొదటి 32 వరుసల్లో వచ్చేవి 4,29,49,67,295 యొక్క 32 భాజకాలే, అవీ ఆరోహణ క్రమంలో, ఒక్కటీ తప్పకుండా. 33వ వరుస ఆయిలర్ విడదీసిన 4,29,49,67,297. 64వ వరుసలోని అరవై నాలుగు సంఖ్యలూ బేసివే, కాబట్టి అది 64 ఒకట్ల వరుసై చదరంగపు సంఖ్యగా చదవబడుతుంది.

ఫెర్మా ఊహించిన దానికి ఫలితం పూర్తిగా తలకిందులైంది. 65,537 తర్వాత ఈ వరుసలో వచ్చే 28 సంఖ్యలూ సంయుక్త సంఖ్యలేనని, అంటే ప్రధాన సంఖ్యలు కావని, నేటికి నిరూపితమైంది. వాటిలో రెండింటికి ఒక్క కారణాంకం కూడా తెలియకుండానే ఆ సంగతి తేలింది. పరీక్షకు నిలిచి ఉన్న తర్వాతి సంఖ్యలో 258 కోట్లకు పైగా అంకెలు ఉన్నాయి. అది గానీ, దాని తర్వాతిది ఏదైనా గానీ ప్రధాన సంఖ్య అని తేలేదాకా, బద్దతో వృత్తలేఖినితో గీయడం సాధ్యమని తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అన్నిటికన్నా పెద్దది 4,29,49,67,295 భుజాలు గలది.